మనిషిలా వినిపించని గొంతు

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోని కంప్యూటర్ ఆగి, తనంతట తానే మళ్ళీ మొదలైంది. అందులో వింతేమీ లేదు. అప్‌డేట్ వచ్చినప్పుడు కంప్యూటర్లు అలాగే చేస్తాయి. ఆ గదిలో ఉన్నవాళ్ళు తల కూడా తిప్పి ఉండరు. దాని ముందు కూర్చున్న ఆమె మాత్రం చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుందట. ఎవరో కొత్త మనిషి వచ్చి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించిందని తరవాత నాతో చెప్పింది.

ఆమెకు పుట్టుకతో చూపు లేదు. ఆ కంప్యూటర్ తెర మీద ఉన్నదంతా తెలుగులో చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఆమె ఉద్యోగం ఆ ప్రోగ్రాం మీద నడిచేది. దాన్ని తయారు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తయారు చేశానంటే అబద్ధమవుతుంది. తయారు చేసినవాళ్ళ పక్కన ఉన్నాను.

నేను విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జిగా పనిచేసి రిటైరయ్యాను. ఇన్‌చార్జి అంటే పాఠం చెప్పేవాడు కాదు. తలుపు తీయాలి, ఏసీ వేయాలి, విద్యార్థులు పీకేసిన తీగలు మళ్ళీ గుచ్చాలి. జీతం తీసుకుని చేసిన ఆ పని గురించి మీకు చెప్పవలసింది పెద్దగా లేదు. అదే ల్యాబులో ఆదివారాలు జీతం లేకుండా జరిగిన పని గురించి చెప్పాలి. మా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పటికీ కనబడితే అడుగుతుంటారు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేస్తే మంచిదేనా సార్ అని. మంచిదేనంటాను. అని ఊరుకుంటాను. ఊరుకున్న భాగం ఇది.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక ఏడెనిమిది మందిమి ల్యాబులో చేరేవాళ్ళం. ప్రిన్సిపాల్ గారు అనుమతి ఇచ్చారు గాని ఏసీ వేయవద్దన్నారు. మేము చేసేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అంటే, ప్రోగ్రాం ఎలా రాశారో ఎవరైనా చూడవచ్చు. ఎవరైనా వాడుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఏ కంపెనీకీ మన కంప్యూటర్ మీద మనకంటే ఎక్కువ అధికారం ఉండకూడదు. ఇప్పుడు ఈ మాటలు రాస్తుంటే పాత కరపత్రం చదువుతున్నట్టుంది. అప్పుడు మాత్రం నమ్మాం. నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. నాకున్న ఇబ్బంది అదే.

మా బృందానికి పెద్ద ఒక లెక్కల మాస్టారు. వేరే కాలేజీలో పనిచేసేవారు. కంపెనీల సాఫ్ట్‌వేర్ ముట్టుకోనని పట్టుబట్టి, ప్రశ్నపత్రాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనే టైపు చేసి పంపేవారు. అక్కడ పరీక్షల విభాగంలో అవి తెరుచుకోక గొడవయ్యేది. "తెరుచుకోకపోతే తప్పు నాదా, తాళం వేసి అమ్మినవాడిదా?" అనేవారు. స్మార్ట్‌ఫోన్ కొనలేదు. ఆయన మీద నాకు గౌరవం ఎప్పుడూ తగ్గలేదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడి నుంచి చెప్పేది విని మీరు ఆయన్ని తేలిగ్గా తీసుకునే అవకాశం ఉంది.

మా పద్ధతి కూడా ఆయన పెట్టిందే. పనిచేసేవాళ్ళే నిర్ణయించాలి. జీతం లేని చోట ఒకరు ఇంకొకరికి పని చెప్పకూడదు. ఎవరికి ఏది ఇష్టమైతే అది చేస్తారు. ఏదైనా తేలకపోతే వాదన ఆపేసి, ఎవరూ మాట్లాడకుండా చేతులెత్తడం. వాదన ముదిరి ఒకసారి ఇద్దరు మనుషులు మానేశారు. అప్పటినుంచి మాట్లాడకుండా ఎత్తడం అలవాటైంది. ఆయన కళ్ళతోనే లెక్కపెట్టి బోర్డు మీద రాసేవారు.

తెలుగు చదివే గొంతును చేసింది మాత్రం నా స్నేహితుడు. మా కాలేజీలోనే ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఉండేవాడు. అందులో మనిషి గొంతు లేదు. ఒక్కో అక్షరానికి ఎలాంటి శబ్దం రావాలో లెక్కకట్టి యంత్రం చేతనే పుట్టించాడు. వినడానికి దారుణంగా ఉండేది. "మిక్సీలో పప్పు వేసి తిప్పుతున్నట్టుందండీ, కాస్త తలుపేసుకోండి" అనేది వాళ్ళావిడ. కాని ఎంత పాత కంప్యూటర్‌లోనైనా పనిచేసేది. మీట నొక్కీ నొక్కకముందే పలికేది. ఎంత వేగం పెంచినా మాట విరిగేది కాదు.

నాకు ప్రోగ్రాం రాయడం రాదు. నా వంతు ఊళ్ళు తిరగడం. గుడివాడ, నూజివీడు, బందరు, ఎక్కడ చూపులేనివాళ్ళు అడిగితే అక్కడికి బస్సెక్కి వెళ్ళి, కంప్యూటర్‌లో గొంతు ఎక్కించి, మీటలు నేర్పి వచ్చేవాణ్ణి. ఆ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు కూడా అలాగే వెళ్ళాను.

ఆమెది గన్నవరం దగ్గర పల్లె. హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. చర్చిలో పాస్టరు గారు చెబితే ఆ ఓనరు ఉద్యోగం ఇచ్చాడు. చేపల లారీలు ఆయనవి. కైకలూరు వైపు చెరువుల్లో తెల్లవారకముందే చేపల పట్టుబడి మొదలవుతుంది, చేపను ఐసు పెట్టెల్లో సర్దుతారు. అప్పటినుంచి రైతులు ఫోన్లు మొదలుపెడతారు. ఏ లారీ ఎక్కడుంది, ఎవరికి ఖాళీ ఉంది, ఎంతసేపట్లో గట్టు మీదికి వస్తుంది, ఏ ఊరి మార్కెట్‌కు వెళుతుంది అన్నది వెంటనే చెప్పాలి. ఆమె ఎడమ చెవికి ఫోను, కుడి చెవిలో మా గొంతు. రైతు మాట్లాడుతుండగానే వేళ్ళు మీటల మీద నడిచేవి. ఆ గొంతును ఎంత వేగంగా పెట్టుకుందంటే, పక్కన కూర్చుని ఒకసారి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టుకుంటే ఒక్క మాట కూడా అందలేదు.

ఆ రోజు ఒక డ్రైవరు గుమ్మంలో నిలబడి నాతో అన్నాడు. "ఏం సార్, మేడమ్ గారి చెవిలో దోమను పెట్టారంట గదా మీరు?"

ఆమె ఫోను చేత్తో మూసి, "దోమైతే ఏంది, నీకంటే నయం. ఎక్కడున్నావంటే ఉన్న ఊరే చెప్పుద్ది" అంది.

"అబ్బో. నేను ఏలూరులో ఉండి ఏలూరనే చెప్పాగా నిన్న."

"చెప్పావు. నీ వెనకమాల టీ గ్లాసుల చప్పుడు మన జంక్షన్‌దేగా."

ఓనరు లోపలి గదిలోంచి నవ్వాడు. "మా అమ్మాయి ముందు మీ ఆటలు సాగవురా" అన్నాడు. నేను తిరిగిన ఊళ్ళలో, నేను చేసిన పని ఒక మనిషికి కూడూ గుడ్డా పెడుతోందని కళ్ళారా చూసింది అక్కడే.

నా స్నేహితుడు రిటైరవకుండానే పోయాడు. గుండె. సోమవారం కాలేజీకి వచ్చి, మంగళవారం లేడు. ఆ తరవాత చాలాకాలం ఆ గొంతును ముట్టుకున్నవాళ్ళు లేరు. ముట్టుకోవలసిన అవసరమూ రాలేదు.

అవసరం వచ్చింది ఇలా. మా ప్రోగ్రాంను, ఇలాంటి ప్రోగ్రాములన్నీ ఒకచోట చేర్చి పంచే, దేశమంతా వాడే ఒక పెద్ద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సముదాయంలో చేర్చుకుంటామని బయటి రాష్ట్రంవాళ్ళు ముందుకొచ్చారు. చేర్చుకునే ముందు ప్రతి ఫైలు ఎవరిది, ఏ షరతుల మీద ఇచ్చారు అని తరిచి చూస్తారు. పాత గొంతులో ఉచ్చారణకు సంబంధించిన పట్టిక ఒకటి ఉంది. అది నా స్నేహితుడు సొంతంగా చేసింది కాదు. మరెవరి పరిశోధనలోంచో తెచ్చుకున్నాడు. వాడుకోమన్నారే గాని అందరికీ పంచమనలేదని అతనే ఆ ఫైలు మొదట్లో రాసిపెట్టాడు, మేమెవరం అంతవరకు చూడలేదు. ఇచ్చిందెవరో అడుగుదామంటే అతను లేడు. అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని మేము పంచుతున్నదాంట్లో స్వేచ్ఛ లేని ముక్క ఒకటి ఉంది.

మాస్టారికి అది తెలిసినప్పటినుంచి నిద్రపట్టలేదనుకుంటాను. అదృష్టమో దురదృష్టమో, అదే సమయానికి కొత్త గొంతు సిద్ధంగా ఉంది. దాన్ని చేసినవాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శని ఆదివారాలు విజయవాడ వచ్చేవాడు. వాళ్ళ వదిన చక్కగా చదువుతుందని ఆమె చేత వాక్యాలు చదివించి రికార్డు చేశాడు. చప్పుడు రాకూడదని కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మే నెలలో. విజయవాడ మే నెల మీకు తెలుసు. ఆవిడ తడి తువ్వాలు మెడకు చుట్టుకుని చదివిందట. అలాంటి మనుషుల్ని ఏమనగలం?

ఆ గొంతును ల్యాబులో మొదటిసారి వినిపించిన రోజు అందరం కుర్చీలు దగ్గరికి జరుపుకుని విన్నాం. ఇంట్లో మనిషి మాట్లాడినట్టే ఉంది. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ చూపులేనివాళ్ళ చేత ఆ మిక్సీ చప్పుడు వినిపించామే అని సిగ్గుపడ్డాం కూడా. పాతది తీసేసి కొత్తది పెట్టడానికి ఆ రోజు ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ప్రతి చిన్న మార్పుకూ నేను ఊళ్ళు తిరగనవసరం లేకుండా, అప్‌డేట్లు వాటంతటవే వెళ్ళే ఏర్పాటు అంతకుముందే చేసుకున్నాం. కనుక అది బయలుదేరి వెళ్ళింది. సోమవారం హనుమాన్ జంక్షన్ చేరింది.

మధ్యాహ్నం భోజనం వేళకు ఆమె ఫోన్ చేసింది.

"సార్, గొంతు మార్చారా అండీ?"

"మార్చామమ్మా. ఎలా ఉంది? బాగుందా?"

"బాగుందండీ. చాలా బాగుంది. పాతది మళ్ళీ పెట్టుకోవడం ఎలాగండీ?"

మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. చెబితే అర్థమయ్యేది కాదు, చూడవలసి వచ్చింది. ఫోనులో ఎవరో రైతు మాట్లాడుతున్నాడు. కుడి చెవిలో కొత్త గొంతు లారీల వివరాలు చదువుతోంది. ఇద్దరూ మనుషులే. ఇద్దరూ ఒకేసారి, ఒకే రకంగా, తెలుగులో మాట్లాడుతున్నారు. ఆమె మొహం ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరుగుతోంది. మీట నొక్కాక గొంతు ఒక క్షణం ఆగి పలుకుతోంది. ఆ క్షణంలో రైతు ఇంకో మాట అంటున్నాడు. వేగం పెంచితే మాటలు ముద్ద కట్టుకుపోతున్నాయి. మధ్యలో ఒకసారి ఆమె, "ఆఁ, చెప్పండి చెప్పండి" అంది. రైతుతో కాదు. కంప్యూటర్‌తో.

తరవాత ఆమే నవ్వింది. "చూశారా సార్? పాతదైతే నా పని అది చేసుకుపోయేదండీ, మనుషుల మాట మనుషుల మాటగానే వినపడేది. ఇదేమో మనిషి. మనిషి పిలిస్తే పలక్కుండా ఎట్టుంటామండీ? నాకు అది మనిషిలా వినిపించకుండా ఉండటమే కావాలి."

పాత గొంతు నా పెన్ డ్రైవ్‌లో ఉంది. ఎక్కించి చూశాను. ఆ అప్‌డేట్‌తో సిస్టమ్ కూడా కొత్తదైంది, దాని మీద అది నిలబడలేదు. పోనీ పాత సిస్టమ్ పెడదామంటే లారీలు ఎక్కడున్నాయో చూపించే పేజీ ఆ వారం నుంచే దాంట్లో తెరుచుకోవడం మానేసింది. తెలిసినవాళ్ళెవరైనా పాత గొంతును విప్పి, కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మళ్ళీ కట్టాలి. ఆ తరవాత ప్రతి అప్‌డేట్‌కూ దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. అది నాకు చేతనైన పని కాదు.

"ఆదివారం మీటింగులో అడుగుతానమ్మా" అన్నాను.

"నేనూ రావచ్చా అండీ?"

మా మీటింగులకు ఎవరైనా రావచ్చు. బోర్డు మీద ఎప్పుడూ అదే రాసి ఉండేది. వాడేవాళ్ళు ఒక్కరు కూడా అంతవరకు రాలేదు, అంతే.

ఆ ఆదివారం ఆమె చర్చి ఆరాధన మానుకుని, వాళ్ళ నాన్నను తోడు తీసుకుని బస్సులో వచ్చింది. నేను బెంజ్ సర్కిల్ దగ్గర దించుకుని తీసుకొచ్చాను. నాన్న లోపలికి రానన్నాడు. చెప్పులు విడిచి వరండాలో కూర్చున్నాడు. ఆమెకు మాస్టారే స్వయంగా కుర్చీ జరిపారు. మంచినీళ్ళిచ్చారు. కొత్త గొంతు కుర్రాడు లేచి నమస్కారం పెట్టి, పెట్టిన సంగతి ఆమెకు తెలియదని గుర్తొచ్చి, "నమస్కారమండీ" అన్నాడు.

ఆమె తను చెప్పదలచుకున్నది బాగా చెప్పింది. రెండు చెవుల సంగతి చెప్పింది. ఓనరు నెలాఖరు దాకా చూస్తానన్నాడని, ఆ తరవాత ఫోను దగ్గర ఇంకొకరిని కూర్చోబెడతాడని చెప్పింది. "ఆయన్ని తప్పు పట్టలేనండీ. అవతల చేప ఐసులో ఉంటుంది" అంది.

మాస్టారు చాలా సౌమ్యంగా మాట్లాడారు. "మీ ఇబ్బంది నాకు అర్థమైందమ్మా. కాని ఒక్క సంగతి ఆలోచించండి. అందులో ఉన్న పట్టిక మనది కాదు. ఇతరులకు ఇచ్చే హక్కు మనకు లేదు. ఇది స్వేచ్ఛగా వాడుకోండి అని మన పేరుతో ఇస్తే, అబద్ధం చెప్పి ఇచ్చినట్టు. రేపు వాళ్ళెవరో వచ్చి ఆపమంటే మీరు ఇంకా ఘోరంగా ఇరుక్కుంటారు."

"ఇన్నాళ్ళూ ఇచ్చారు కదండీ."

"తెలియక ఇచ్చాం."

"తెలియనప్పుడే బాగుందండీ" అంది. ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఎవరో వెనక నుంచి, "అయినా ఆ పట్టిక తప్ప మిగతా ప్రోగ్రాం అంతా అందరిదీ కదండీ. కావలసినవాళ్ళు పట్టిక కొత్తగా రాసుకుని, ఎవరైనా ముందుకు తీసుకెళ్ళవచ్చు" అన్నారు.

"ఎవరైనా అంటే నేనాండీ?"

"మీకూ ఆ హక్కు ఉంది."

"హక్కు ఉందండీ. చేయడం రాదు."

మాస్టారు అందరి వైపూ చూశారు. "ఎవరైనా ఈ పని తీసుకుంటారా?" అని అడిగారు. అడగడమే గాని, నువ్వు చెయ్యి అని ఎవరితోనూ అనరు. అది మా పద్ధతి కాదు. కొత్త గొంతు కుర్రాడు తల దించుకున్నాడు. అతనికి వచ్చే నెలలో పెళ్ళి. మిగతావాళ్ళలో ఇద్దరికి ఆ పాత ప్రోగ్రాం భాషే తెలియదు. తెలిసినవాళ్ళకు వేరే పని చేతిలో ఉంది, అదీ ఉత్తపుణ్యానికి చేస్తున్నదే. ఒక్కొక్కరి కారణం విడివిడిగా చూస్తే తప్పనిపించదు.

నేను ఒక మాట అడిగాను. కొత్త పట్టిక ఎవరైనా రాసేదాకా, పాతదాన్ని పెద్ద సముదాయంలో కాకుండా మనదగ్గర విడిగా ఉంచి, అందరం కలిసి వంతులవారీగా నడుపుదామా అని. కాసేపు వాదన జరిగింది. తేలలేదు. మాస్టారు చెయ్యి పైకెత్తి ఆపారు. "సరే, తేల్చేద్దాం" అన్నారు.

అందరూ మాట్లాడడం మానేశారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉంచుదామన్న వైపు రెండు చేతులు లేచాయి. ఒకటి నాది. రెండోది, నమ్మండి నమ్మకపోండి, కొత్త గొంతు కుర్రాడిది. ఆ రెండూ దిగాక వద్దన్న వైపు మిగతావి లేచాయి. మాస్టారు కళ్ళతో లెక్కపెట్టారు. బోర్డు మీద రాశారు. మార్కర్ మూత పెట్టారు.

ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని, మెడ కొంచెం ముందుకు చాచి, ఎటు నుంచి మాట వస్తుందా అని వింటోంది.

"మొదలుపెట్టారా అండీ?" అంది.

నేనే చెప్పాను. "అయిపోయిందమ్మా."

"అయిపోయిందా?" అంది. ఏమైందని అడగలేదు. లేచి, చీర చెంగు సర్దుకుని, "నాన్నని పిలుస్తారా అండీ" అంది.

వాళ్ళను బస్సెక్కించి వెనక్కి వచ్చేసరికి ల్యాబులో మాస్టారు ఒక్కరే ఉన్నారు. బోర్డు తుడుస్తున్నారు. నావైపు తిరగకుండానే, "మనం చేతులెత్తాం కదండీ" అన్నారు.

"అవునండీ."

"నాకు తట్టలేదు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో చూసుకోవద్దా?" చాలాసేపు ఆ బోర్డే తుడిచారు. "వచ్చే వారం నుంచి ఎవరి మాట వాళ్ళు నోటితో చెప్పాలి. ఇక చేతులెత్తడం లేదు."

అలాగే జరిగింది. ఆ తరవాతి వారం నుంచి మా బృందంలో ప్రతివాళ్ళూ తమ అభిప్రాయం పైకి చెప్పారు, చూపులేనివాళ్ళు వచ్చినా ఇబ్బంది లేకుండా. చూపులేనివాళ్ళెవరూ మళ్ళీ రాలేదు. పద్ధతిని సరిచేసుకున్నాం. నిర్ణయాన్ని తిరగదోడాలని ఎవరికీ అనిపించలేదు. నేనొక్కణ్ణే అన్నాను. మాస్టారు బాధగానే, "కారణం మారలేదు కదండీ" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. అదే నన్ను ఎక్కువగా బాధపెట్టేది. దుర్మార్గుల చేతిలో ఓడిపోతే తిట్టుకోవడానికైనా ఉంటుంది.

కొత్త గొంతు కుర్రాడు పెళ్ళి పనుల మధ్యే ఏదో చేసి పంపాడు. వాళ్ళ వదిన గొంతును సన్నగా చేసి, లోహం మోగినట్టు మార్చాడు. కొంచెం నయమంది ఆమె. కాని ఆ క్షణం ఆలస్యం పోలేదు. నేను కూడా పాత గొంతును విప్పి చూద్దామని పుస్తకాలు తెచ్చుకుని కూర్చున్నాను. యాభై ఆరేళ్ళ వయసులో ప్రోగ్రాం రాయడం నేర్చుకోవడం గురించి మీకు చెప్పి విసిగించను. ఒకసారి పలికించగలిగాను కూడా. ఒకే ఒక్క అక్షరాన్ని పట్టుకుని ఆపకుండా పలికింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమైందండీ దానికి?" అంది.

ఆ నెలలోనే ఆఫీసులో పొరపాటు జరిగింది. ఇద్దరు రైతులు ఒకేసారి ఫోన్లో ఉన్నారు. ఒకరి చెరువు దగ్గరికి వెళ్ళవలసిన లారీని ఆమె ఇంకొకరి చెరువుకు పంపింది. మొదటి రైతు గట్టు మీద పెట్టెలు పేర్చుకుని ఎండలో ఎదురుచూశాడు. లారీ దొరికేసరికి ఐసు నీళ్ళయిపోయింది. చేప పాడైపోయింది. ఆ రైతు ఆఫీసుకు వచ్చి ఆమెను ఏమీ అనలేదట. చూసి, ఏమీ అనలేక, ఓనరును నాలుగు మాటలని వెళ్ళాడు.

సంగతి తెలిసి నేను వెళ్ళేసరికి ఫోను దగ్గర ఇంకో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఓనరు నన్ను బయటికి తీసుకొచ్చి టీ చెప్పాడు.

"నేనేం చెయ్యనండీ. నాకూ ఆడపిల్లలున్నారు. లోపల కూర్చో, వేరే పనేదన్నా చూద్దామన్నా. ఏం పని చూస్తాను? ఉన్నదంతా ఆ ఫోనే. తనే మానేస్తానంది." టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "మీ దోమ బానే ఉండేది కదండీ. ఎందుకు తీశారు?"

వివరించడానికి ప్రయత్నించాను. పట్టిక గురించి, హక్కుల గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంటే ఎవరన్నా అడిగారా, మా సరుకు వాడొద్దని?"

"లేదండీ. ఎవరూ అడగలేదు."

"మరి?"

ఆ ఒక్క మాటకు మాస్టారి దగ్గర జవాబు ఉంది. అది సరైన జవాబు కూడా. లారీ ఆఫీసు ముందు నిలబడి నేను దాన్ని చెప్పలేకపోయాను.

మా బృందం ఆ తరవాత కూడా కొన్నేళ్ళు నడిచింది. ప్రోగ్రాం పెద్ద సముదాయంలో చేరింది. మాస్టారి పేరు, కుర్రాడి పేరు, నా పేరు కూడా ఎక్కడో చివర ఉన్నాయి. ఈలోగా ఫోన్లు వచ్చాయి. కంపెనీలు తెలుగు చదివే గొంతులను ఫోన్లలో పెట్టి ఊరికే ఇవ్వడం మొదలుపెట్టాయి. ఊరికే రావడం వేరు, స్వేచ్ఛ వేరు అని మాస్టారు జీవితమంతా చెప్పారు. వినేవాళ్ళు తగ్గిపోయారు. కుర్రాడు అలాంటి కంపెనీలోనే చేరాడు. ఆదివారాలు ముగ్గురం, తరవాత ఇద్దరం. నేను రిటైరయ్యాక ల్యాబు తాళం నా దగ్గర లేదు. మాస్టారు పోయిన ఏడాది పోయారు. ఆయన కంప్యూటర్‌లో ఏముందో చూడమని వాళ్ళబ్బాయి నన్ను పిలిచాడు. తాళం వేసిన ఫైలు ఒక్కటి కూడా లేదు. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. వాళ్ళబ్బాయికి అవి ఎందుకో తెలియలేదు. ఆ కంప్యూటర్‌ను పాత సామాన్ల వాడికి ఇచ్చేశారు.

మీలో కొందరు ఇలాంటి బృందాల్లో ఉన్నారు. నేను మీకు చెప్పగలిగే నీతి లేదు. మాస్టారు తప్పు చేశారని చెప్పలేను. నియమాలు మన సౌకర్యం కొద్దీ వంగితే, ఆ బృందం ఎందుకు? ఆమె అడిగింది ఎక్కువని కూడా చెప్పలేను. తన చెవికి సరిపడే గొంతును తను ఎంచుకోవడం, ఆమె అడిగింది అంతే. మేము పాటుపడింది సరిగ్గా దాని కోసమే. మేము ఆమెకు ఇచ్చిన స్వేచ్ఛను వాడుకోవాలంటే ఆమె ప్రోగ్రాం రాయగల మనిషై ఉండాలి. ఆ సంగతి మాకు మీటింగులో అర్థం కాలేదు. తరవాత అర్థమైనా ఏమీ చేయలేదు.

ఈ మధ్య గన్నవరం వైపు పనిబడి వాళ్ళ ఊరు వెళ్ళాను. నాన్న పోయాడట. ఆమె తమ్ముడి దగ్గర ఉంటోంది. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుందట. నన్ను నడకతోనే గుర్తుపట్టింది. ఫోను చూపించింది. దాంట్లో ఎవరో ఆడమనిషి మెత్తగా తెలుగు చదువుతోంది. మొన్నటిదాకా మగ గొంతు ఉండేదట. పొద్దున లేచేసరికి మారిపోయింది.

"వీళ్ళూ అడగరండీ" అంది. "కాకపోతే వీళ్ళు అడుగుతారని నేనెప్పుడూ అనుకోలేదు. మీ దగ్గర అనుకున్నాను."

నేను అడిగాను. పాతది ఇంకా నా దగ్గర ఉంది, తెలిసినవాళ్ళెవరి చేతనైనా మళ్ళీ కట్టించమంటావా అని.

"ఇప్పుడెందుకండీ. ఏ పనికి?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడిగింది.

లేచి వచ్చేటప్పుడు వాళ్ళ తమ్ముడు రోడ్డు దాకా వచ్చి బస్సెక్కించాడు. ఆమె ఇప్పుడు లారీలు చూడడం లేదు. ఎవరి ఫోనూ ఎత్తడం లేదు. నా స్నేహితుడు చేసిన ఆ గొంతుతో ఇప్పుడు ఎక్కడా ఎవరూ తెలుగు చదివించుకోవడం లేదు.